పాతొక రోతా?

ఒక టీ డబ్బా మూలంగా మా ఇంట్లో మూడు నాలుగు నెలల పాటు తల్లీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయంటే మీరు నవ్వుతారు. ఇప్పుడైతే నాకూ నవ్వే వస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

2022 వేసవిలో తెనాలిలో ఇల్లు అమ్మేసి, సామాను సగం పంచిపెట్టి, మిగతా సగం లారీకెక్కించుకుని, మేమిద్దరం సర్జాపురలో మా అబ్బాయి ఫ్లాటుకి వచ్చి చేరాం. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఊరు మారడం మాకంత కష్టమనిపించలేదు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు కావలసినంతమంది. కూరలమ్మే ఆవిడ "ఏం అక్కా, బాగుండారా?" అని పలకరిస్తుంది. గేటు దగ్గర ఇస్త్రీ బండి అతనిది మదనపల్లె వైపు. కష్టమంతా వంటింట్లోనే. ముప్ఫై తొమ్మిదేళ్లు నా చేతికింద నడిచిన వంటిల్లు వేరు, ఈ వంటిల్లు వేరు. కోడలు బంగారంలాంటి పిల్ల, నన్నొక్క మాట అనదు. అయినా ఏ అలమర తెరవాలన్నా, ఏ సీసా ముట్టుకోవాలన్నా చుట్టాలింట్లో ఉన్నట్టే ఉండేది. ఈ వయసులో పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, విడమరచి చెప్పనక్కర్లేదు.

2023 జులైలో, ముసురు పట్టిన ఒక రోజు, తెనాలి నుంచి మా ఆడపడుచు వాళ్లు అయిదుగురు చెప్పాపెట్టకుండా దిగారు. పిల్లలిద్దరూ ఆఫీసులో ఉన్నారు. టీ పెడదామంటే పొడి నిండుకుంది. పై అలమరలో వెతికితే ఒక తగరపు డబ్బా కనిపించింది. మీద చీనా లిపి. లోపల నల్లగా, మిరియాలకి రెండింతలున్న ఉండలు. వాసన చూస్తే పాత భోషాణం తెరిచినట్టుంది. పాడైపోయిందేమో అనుకున్నాను, కానీ టీ ఆకేనని తెలుస్తూనే ఉంది. నాలుగు చెంచాలు మరిగే నీళ్లలో వేశాను. రంగు రాలేదు. ఇంకో గుప్పెడు వేశాను. పాలు పోసి, అల్లం దంచి వేసి, పంచదార కలిపేసరికి ఆ ఉండలన్నీ విచ్చుకుని, కొమ్మల్తో సహా ఆకులై, గిన్నెనిండా గోంగూర ఉడుకుతున్నట్టు తయారైంది. మా ఆడపడుచు ఒక గుక్క తాగి, "వదినా, ఇదేం కషాయం?" అంది. సాయంత్రం వాళ్లు బయల్దేరే ముందు మళ్లీ అదే పెట్టాను, మరో దారి లేక. ఆ హడావిడిలో డబ్బా మూత వదులుగా పెట్టి, పొయ్యి పక్కనే వదిలేశాను.

ఆగస్టు మూడో వారంలో మావారికి డెబ్భై నిండాయి. ఆ ఉదయం మావాడు ఆ డబ్బా తీశాడు. మూత తీసి వాసన చూశాడు. ఒక ఉండ తీసి వేళ్ల మధ్య నలిపాడు. అది పొడి కాలేదు, వంగింది. "ఇదెవరు తీశారు?" అన్నాడు. చెప్పాను. వాడు ఒక్క మాటా అనలేదు. డబ్బాని తన గదిలోకి తీసుకెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

సంగతంతా ఆ రాత్రి కోడలు చెప్పింది. మావాడు 2014 నుంచి 2021 దాకా తైవాన్‌లో, షిన్‌చూ అనే ఊళ్లో చిప్పుల డిజైన్ ఉద్యోగం చేశాడు. అక్కడ వాడు అద్దెకున్న ఇంటి యజమాని, వయసు మళ్లిన పెద్దాయన, నాంటౌ జిల్లాలో లుగు అనే కొండ ప్రాంతం మనిషి. ఒకప్పుడు టీ రైతు. కొడుకు దగ్గర ఉండడానికి ఊరు వదిలి వస్తూ, తన జాడీలు వెంట తెచ్చుకున్నాడట. మావాడు వచ్చేసేటప్పుడు వాటిలోంచి మూడు వందల గ్రాములు తూచి ఈ డబ్బాలో పోసిచ్చి, "దీన్ని మీ నాన్నతో కూర్చుని తాగు" అన్నాడట. ఆ ఆకు 1991 చలికాలంలో కోసినది. అంటే మావాడు మూడో తరగతిలో ఉన్నప్పటిది. పెద్దాయన 2022లో పోయాడు. "వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు అత్తయ్యా, ఆ రోజు ఈయన ఆఫీసుకి కూడా వెళ్లలేదు" అంది కోడలు.

నేను ఆ ఆకుని అల్లం వేసి మరిగించాను.

తర్వాత కొన్నాళ్లు నేను వంటింట్లోకి పోవడం మానేశాను. పిలిస్తే వెళ్లడం, చెప్పింది తరిగిపెట్టడం, వచ్చేయడం. మావారు చూసి చూసి, "ఏమోయ్, నీకు సన్మానం చేసి పంపించారా వంటింట్లోంచి?" అన్నారు. జవాబు చెప్పలేదు.

కానీ ఊరుకునే స్వభావం కాదు నాది. అసలా ఆకులో ఏముందో తెలుసుకుందామనిపించింది. కోడలిని అడిగి, పుస్తకాలు తెప్పించుకుని చదివాను. మావాడినీ మెల్లగా ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాను. మాట్లాడడానికి అదొక వంక అని వాడికీ తెలుసు.

మనకి టీ అంటే పొడి. 1930ల్లో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చాక, ఆకుని నలిపి, చీల్చి, ఉండ చుట్టి గుళికలుగా చేయడం మొదలైంది. పాలల్లో చప్పున రంగు దిగేది అదే. చీనావాళ్ల పచ్చ టీ అయినా, మన ఎర్ర టీ అయినా, ఈ ఊలాంగ్ అయినా చెట్టు ఒకటే. కోసిన ఆకుని గాలికి ఎంతసేపు మగ్గనిచ్చారన్న దాన్నిబట్టే తేడా. అసలు మగ్గనివ్వకుండా వేడి తగిలిస్తే పచ్చ టీ. పూర్తిగా మగ్గితే మనది. మధ్యలో ఆపేస్తే ఊలాంగ్. ఊలాంగ్ అంటే వాళ్ల భాషలో నల్ల డ్రాగన్ అట. మా మనవడికి ఆ పేరు తెగ నచ్చింది.

లుగులో డాంగ్ డింగ్ అనే కొండ ఉంది. గడ్డకట్టిన శిఖరం అని అర్థం. చీనాలోని వూయీ కొండల నుంచి ముప్ఫై ఆరు మొక్కలు తెచ్చి 1855లో ఇక్కడ నాటారని అక్కడ కథగా చెప్పుకుంటారు. 1869లో తైవాన్ ఊలాంగ్ ఓడల మీద నేరుగా న్యూయార్క్ వెళ్లింది. అప్పట్లో అది ఫార్మోసా టీ. వందేళ్లు గడిచేసరికి ఎగుమతులు పడిపోయాయి, అక్కడివాళ్లే కొని తాగడం మొదలుపెట్టారు. 1976 నుంచి లుగు రైతు సంఘం ఏటా టీ పోటీలు పెడుతోంది. మావాడి పెద్దాయన 1991లో పోటీకి పంపిస్తే బహుమతి రాలేదట. రోషం వచ్చి ఆ ఆకుని అమ్మకుండా జాడీలో పోసి మూత బిగించాడు. ఇప్పుడు జనం ఎగబడి కొనే పాత ఊలాంగ్‌లో చాలా భాగం ఇలాంటిదేనట. ఎవరూ ముందుచూపుతో దాచింది కాదు. అమ్ముడు పోనిదీ, మర్చిపోయిందీ.

దాచడంలోనూ రెండు తెగలున్నాయి. ఒకరు జాడీకి సీలు వేసి ఇరవై ముప్ఫై ఏళ్లు ముట్టుకోరు. రెండోవారు మూడు నాలుగేళ్లకొకసారి తీసి, చెమ్మ పోయేలా సన్నటి సెగ మీద కాచి, మళ్లీ దాస్తారు. పెద్దాయన రెండో తెగ. ఏళ్లు గడిచేకొద్దీ ఆకులోని వగరు తగ్గుతుంది. ఆ వగరునిచ్చే పదార్థాలు కొంత విడిపోయి గాలిక్ ఆమ్లంగా మారతాయని తైవాన్ శాస్త్రజ్ఞులు పరీక్ష చేసి చెప్పారు. చెమ్మ దూరితే మాత్రం ఆకు పులుస్తుంది. అన్ని ఆకులూ పాతబడి బాగుపడవు. పచ్చ టీ ఏడాది తిరిగేసరికి గడ్డివాసన కొడుతుంది.

ఇదంతా చదువుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. కొత్తొక వింత, పాతొక రోత అని సామెత చెప్పిన మనమే, బియ్యం కొనేటప్పుడు పాతవా అని అడుగుతాం. కొత్త బియ్యం ముద్దవుతుంది, కడుపు నొప్పి కూడా. పథ్యానికి నల్లబడిన పాత చింతపండే వెతికేది మా అమ్మ. కార్తీకంలో దంచి జాడీకెత్తిన ఉసిరికాయ పచ్చడి ఏడాదికి నల్లబడితేనే దానికి విలువ. నల్లబడనిచ్చే జాడీ వేరు, బూజు పట్టించే జాడీ వేరు. తడి చెయ్యి ఒక్కసారి తగిలితే చాలు. తడి చెయ్యి పెట్టింది ఈసారి నేనే.

నవంబరులో ఒక ఆదివారం మావాడిని అడిగాను. "ఒరేయ్, ఆ పెద్దాయన ఆకుని ఎలా కాచేవాడు?"

వాడు కాసేపు ఆలోచించి చెప్పాడు. ఇంటి వెనకాల ఒక చిన్న గొయ్యి. అందులో బొగ్గులు బాగా రాజేసి, పొగ, మంట పూర్తిగా పోయాక వాటి మీద బూడిద కప్పేవాడట. పైన నడుము సన్నంగా ఉండే వెదురు బుట్ట. అందులో ఆకు. గంటల తరబడి, రాత్రంతా కూడా, అక్కడే కూర్చుని చేత్తో తిరగేసేవాడట.

"బూడిద కప్పడమంటే... నివురుగప్పిన నిప్పు. మా అమ్మ పాలు కాచిన దాలిగుంట అదేగదరా!" అన్నాను.

వాడికి దాలిగుంట తెలియదు. చెప్పాను. పెరట్లో గొయ్యి, అందులో పిడకల సెగ, మీద మట్టి గురిగిలో పాలు. పొద్దున పెడితే సాయంత్రానికి ఎర్రగా, మీగడ అరచేయి మందాన. మంట కనపడకూడదు, సెగ ఆగకూడదు. మావాడు నా వంక అదోలా చూశాడు. "నువ్వు చెయ్యగలవా?" అన్నాడు. ఆగస్టు తర్వాత వాడు నన్ను ఏదైనా చెయ్యమని అడగడం అదే మొదటిసారి.

నిజం చెప్పొద్దూ, మొదటిసారి చెడగొట్టాను. వాన వెలిసి గాలి పొడిబారేదాకా ఆగుదామని డిసెంబరు దాకా ఆగాను. అంతవరకు బాగానే ఉంది. తీరా బద్ధకించి, గ్యాసు మీద మట్టి మూకుడు పెట్టి ఒక గుప్పెడు ఆకు వేయించాను, కందిపప్పు వేయించినట్టు. పైన మాడింది, లోపల చెమ్మ చెమ్మగానే ఉంది. కాచి తాగితే మసివాసన. బజారులో కొత్త ఆకుని ఇలాగే మాడ్చి పాతదని అంటగడతారని మావాడు చెప్పాడు. మాడు వాసన తప్ప ఇంకేదీ తెలియకపోతే, గిన్నెలో ఆకు సరిగ్గా విచ్చుకోక బొగ్గుముక్కలా ఉండిపోతే, అది వయసు కాదు, మాడు. అందుకని ఎవరైనా నలభై ఏళ్ల నాటిదని చెప్పి వేలకు వేలు అడిగితే, రుచి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

తెనాలి నుంచి లారీలో వచ్చిన సామానులో ఇనప కుంపటి ఉంది. "ఇది ఫ్లాటులో ఎందుకమ్మా?" అని మావాడే అప్పట్లో విసుక్కున్నాడు. ఇస్త్రీ బండి అతన్ని అడిగితే బుట్టెడు బొగ్గులిచ్చాడు, డబ్బు తీసుకోనన్నాడు. బాల్కనీలో కుంపటి రాజేశాను. పది నిమిషాల్లో సెక్యూరిటీ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు, మీ ఇంట్లో పొగ వస్తోందని పైనుంచి ఫిర్యాదు వచ్చిందంటూ. మావారు చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మందు తయారు చేస్తున్నారు బాబూ" అన్నారు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధాల్లో అది రెండోదో మూడోదో.

పొగ చచ్చాక బూడిద కప్పాను. చేయి పెట్టి చూస్తే ఓర్చుకోగలిగినంత సెగ. వెదురు బుట్టలో పాత మల్లుపంచె గుడ్డ పరిచి, ఆకు పల్చగా పోసి, రెండు ఇటుకల మీద పెట్టాను. మొదటి గంటలో వచ్చిన వాసన తడిసిన గోనెసంచిది. భయమేసింది. రెండో గంటలో అది తగ్గి, పుల్లగా రేగివడియాల వాసన. అరగంటకొకసారి తిరగేస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఎండు ఖర్జూరం, తర్వాత బెల్లం పాకం పట్టేటప్పుడు చివర్లో వచ్చే వాసన. మావాడు ఆఫీసు పని ఇంటి నుంచే పెట్టుకున్నాడు. మీటింగు మీటింగుకీ మధ్య వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. మాట్లాడుకున్నదేమీ లేదు. ఒకసారి మాత్రం, "ఆయన కూడా ఇలాగే మోకాలు పట్టుకుని కూర్చునేవాడమ్మా" అన్నాడు.

ఆరు గంటలయ్యాక ఒక ఉండ నలిపి చూశాను. పొడైంది. చల్లారనిచ్చి, మర్నాడు ఇంకో మూడు గంటలు పెట్టాను. దాన్ని వెంటనే తాగకూడదు. కాచిన ఆకులో నిప్పు వాసన ఉంటుంది. అది అణగాలంటే వారాలు పడుతుంది. తెనాలి నుంచి తెచ్చిన ఉసిరికాయ పచ్చడి జాడీల్లో ఖాళీది ఒకటి కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టి, అందులో పోసి, గుడ్డ కట్టి, మూత పెట్టి, మైనం కరిగించి అంటించాం.

2024 సంక్రాంతికి, భోగి నాటి ఉదయం తెరిచాం.

మావాడు తైవాన్ నుంచి తెచ్చుకున్న మట్టి కూజా, పిడికిలంత ఉంటుంది. గిన్నెలు మా అమ్మ ఉగ్గుగిన్నె కంటే చిన్నవి. మా బోరు నీళ్లు పనికిరావు, ఆ ఉప్పదనానికి ఏ ఆకైనా మూగబోతుంది. క్యాను నీళ్లు కళపెళా కాగాక, ఏడు గ్రాముల ఆకు మీద పోసి, మొదటి నీళ్లు పారబోశాడు. రెండోసారి పోసి అరనిమిషం. తాగి మళ్లీ పోయడం. అదే ఆకు ఏడెనిమిది విడతలు వస్తుంది.

మొదటి విడత మావారు అలవాటు ప్రకారం సాసరులోకి వంచుకుని, ఉఫ్ మని ఊది తాగారు. "పుల్లగా ఉందోయ్" అన్నారు. నిజమే, పుల్లగానే ఉంది. మావాడి ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండోదీ అంతే, కొంచెం తక్కువ. మూడో విడతకి పులుపు వెనక్కి జరిగింది. రంగు చూస్తే దానిమ్మ తొక్క ఉడికించినట్టు ఎర్రగా, తేటగా. రుచి ఇదీ అని చెప్పడం కష్టం. పాత బెల్లం ఉంది, తీపి లేదు. శొంఠి లాంటిది ఏదో ఉంది, కారం లేదు. గంధపు పెట్టెలో దాచిన పట్టుచీర మడత విప్పినప్పుడు వచ్చే వాసన, అందులోనే లీలగా కర్పూరం. మింగాక ఒక నిమిషానికి గొంతులో తియ్యదనం ఊరుతుంది. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే ఎలా ఉంటుందో అచ్చం అలా. పాతికేళ్లుగా షుగరుతో చప్పటి టీ తాగుతున్న మావారు, అది తెలిసి సాసరు కింద పెట్టేశారు. "ఇందులో పంచదార వేశావా?" అని కొడుకుని నిజంగానే అడిగారు.

"లేదు నాన్నా" అన్నాడు వాడు. కాసేపాగి, "ఆయన చేసినట్టు రాలేదు. ఆయన దాంట్లో ఈ పులుపు ఉండదు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంటుందని కోడలు కంగారుపడింది. నాకేమీ అనిపించలేదు. ఉన్నమాట. నా చేతి తడి దాంట్లో ఉండిపోయింది, ఇక పోదు. వాడు ఆ మాట నా ఎదుట, నాతోనే అన్నాడు. నాకు అదే చాలనిపించింది. "వచ్చే శీతాకాలం ఇంకోసారి కాద్దాం, కొంత తగ్గుతుంది" అన్నాను. "ఏటా కాస్తే ఆకు చచ్చిపోతుందమ్మా. మూడేళ్లాగుదాం" అన్నాడు. మూడేళ్లంటే మావారికి డెబ్భై మూడు, నాకు డెబ్భై దగ్గర పడతాయి. సరేనన్నాను.

జాడీకి మళ్లీ మైనం పెట్టాక, వాడు ఒక చీటీ అంటించాడు. "1991 చలికాలం, లుగు. 2023 డిసెంబరు, సర్జాపుర" అని తెలుగులో రాశాడు. వాడి తెలుగు దస్తూరీ చూసి చాలా ఏళ్లయింది. "ర"కి తలకట్టు ఇప్పటికీ వంకరగానే పెడతాడు.

ఎనిమిదో విడతకి నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మావారు గోడ గడియారం చూశారు. "బాగుంది గానీ, ఇంక ఆ పాల టీ ఏదో కాస్త పెడతావా?" అన్నారు.

పొడి ఏ అలమరలో ఉందో కోడలిని అడక్కుండానే లేచాను.